అబట్స్ బ్రామ్లీ కొమ్ముల నృత్యం చూసినవారున్నారా?

ప్రశ్న: మేము డెర్బీలో ఉంటాం. సెప్టెంబరులో అమ్మ వస్తోంది. స్టాఫర్డ్‌షైర్‌లోని ఈ ఊరికి ఏ రోజు తీసుకువెళ్ళాలి?

జవాబు: 4వ తేదీ తరువాతి మొదటి ఆదివారం మర్నాడు, సోమవారం. ఉదయం 8 గంటలకు నర్తకులు పట్టుకుని ఆడే కొమ్ములను చర్చి నుంచి బయటికి తీస్తారు. నేను తొమ్మిదిన్నరకు చేరి, ఖాళీ వీధి చూసి ఉసూరుమన్నాను. అవి ఆరు జతల రెయిన్‌డీర్ కొమ్ములు. వయసు తేల్చే కార్బన్ పరీక్షలో ఒకటి 11వ శతాబ్దపుదని తేలింది. అప్పటికి ఇంగ్లండులో ఆ జంతువే లేదు! నాకైతే నృత్యం కన్నా ఈ చిక్కుముడే ఇష్టం.

మరొకరు: పొలాల వెంట పగలంతా తిరుగుతారు. అమ్మగారిని నడిపించకండి, సాయంత్రం ప్రధాన వీధికే తిరిగి వస్తారు. విలుకాడు, విదూషకుడు, మగవాడు కట్టే మేడ్ మేరియన్ (రాబిన్ హుడ్ కథల్లో అతని ప్రియురాలు) వేషం తప్పక చూపించండి.

ప్రశ్న అడిగినవారు: అమ్మ పుట్టిల్లు కూచిపూడి పక్కనే. ఆ వేషానికి వంకలు పెట్టకుండా ఊరుకోదు!