ఇటలీ మార్కుల కాగితంలో ‘సెకోండా’ అంటే మన ఏ తరగతి?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి)
అన్న కూతురు ఇటలీలో చదివి వచ్చింది. ఇంటర్ ఫస్టియర్‌లో చేర్చాలంటే మార్కుల కాగితం ఇంగ్లీషులో కావాలంటున్నారు. దాని మీద ‘క్లాస్సే సెకోండా, లిచేయో’ అని ఉంది. ఫోన్‌లో మారిస్తే ‘సెకండ్ క్లాస్’ అని వస్తోంది, చూసినవాళ్ళు రెండో తరగతా అంటున్నారు. ‘స్క్రుతీనియో ఫినాలే’ని ఫైనల్ స్క్రూటినీ అనొచ్చా? మార్కులు 7, 8 అని ఉన్నాయి, శాతాల్లోకి మార్చాలా?

జవాబు (చిత్తూరు)
అక్కడ బడి మారినప్పుడల్లా లెక్క మళ్ళీ ఒకటి నుంచే. ప్రైమరీ 5 ఏళ్ళు, ‘మేదియా’ 3, ఆపైన లిచేయో 5. అంటే మీ పాపది 5+3+2, పదో ఏడు. ‘సెకండ్ ఇయర్, అప్పర్ సెకండరీ స్కూల్’ అని రాసి, పక్కన చదరపు బ్రాకెట్లలో ‘టెన్త్ ఇయర్ ఆఫ్ స్కూలింగ్’ అని పెట్టండి. మూలంలో లేని మాట అనువాదకుడిదని తెలియాలి గదా. ‘టెన్త్ పాస్’ అని మాత్రం రాయొద్దు. మన టెన్త్ లాంటి పరీక్ష అక్కడ ఆ ఏడు ఉండదు, 8వ ఏడు చివర ఒకటి, 13వ ఏడు చివర ఒకటి. లిచేయో పేరు అలాగే ఉంచండి.

స్క్రుతీనియో అంటే టీచర్లంతా కూర్చుని మార్కులు ఖాయం చేసే సమావేశం. స్క్రూటినీ అంటే మనవాళ్ళు పేపర్లు మళ్ళీ దిద్దించారనుకుంటారు. ‘ఫైనల్ అసెస్‌మెంట్ బై ద క్లాస్ కౌన్సిల్’ సరైనది.

జవాబు (తిరుచానూరు)
శాతాలు వద్దే వద్దు. 10కి 6 అక్కడ బొటాబొటి పాసు. 60 శాతం అని రాస్తే ఇక్కడ ఫస్ట్ క్లాస్ అయిపోతుంది. ‘7/10’ అనే రాసి, కింద ‘గరిష్ఠం 10, పాస్ 6’ అని ఇంగ్లీషులో గమనిక ఇవ్వండి. ‘కొంపొర్తమెంతో’ ప్రవర్తన మార్కు, దాన్ని సబ్జెక్టుల వరసలో కలిపేయకండి. అందులో 6 కన్నా తగ్గితే పై తరగతికి పంపరు, కాబట్టి వదిలేయనూ కూడదు.

ప్రశ్న (కొర్లగుంట)
మంచిదన్నా. జూన్ కాగితంలో ‘జుదీత్సియో సొస్పేజో’ అని ఉంది. సస్పెండ్ చేశారనా?

జవాబు (చిత్తూరు)
కాదు కాదు. ఏదో సబ్జెక్టులో 6 రాలేదు, మళ్ళీ పరీక్ష రాసేదాకా ఫలితం ఆపారు. ‘రిజల్ట్ డిఫర్డ్’ అనండి. సస్పెండెడ్ అంటే పిల్ల మీద లేని మచ్చ పడుతుంది. తర్వాతిచ్చిన తుది ఫలితం కాగితంలో ‘అమ్మెస్సా’ అని ఉందేమో చూడండి, పై తరగతికి పంపారని. దాన్నీ అనువదించి జతచేయండి. జూన్ కాగితం ఒక్కటే ఇస్తే పాసైందో లేదో ఎవరికీ తేలదు.