చింతపల్లి వైపు వాహనాల రొద లేని సైకిల్ దారి: ఎప్పుడు, ఎక్కడ, ఎలా?

ప్రశ్న (కాకినాడ నుంచి)

అందరికీ నమస్కారం. నాకు 52 ఏళ్ళు. ఆరేళ్ళుగా సైకిలు తొక్కుతున్నాను, ఆదివారాల్లో నలభై, యాభై కిలోమీటర్లు వెళ్ళి వస్తాను. అయితే ఏడీబీ రోడ్డు మీద లారీల పక్కన, వాటి హారన్లు వింటూ తొక్కడం ఈ మధ్య భయంగానూ విసుగ్గానూ ఉంటోంది. మా తమ్ముడూ నేనూ కలిసి మూడు రోజులు ఏదైనా కొండ ప్రాంతానికి వెళ్ళి, చెట్ల మధ్య తారురోడ్డు మీద, వాహనాలు లేని చోట నిదానంగా తొక్కాలని అనుకుంటున్నాం. చలికాలపు మంచుకు పేరున్న లంబసింగి గురించి అందరూ చెబుతున్నారు కాబట్టి డిసెంబరు చివరి శని, ఆదివారాలు కలిసి వచ్చేలా, తెల్లవారుజామున నాలుగింటికి నర్సీపట్నంలో బయలుదేరి ఘాట్ ఎక్కుదామని అనుకున్నాం. మా సైకిళ్ళు గేర్లున్న మామూలు హైబ్రిడ్‌లు, చక్రం అంచును పట్టే రిమ్ము బ్రేకులు. ఈ ఆలోచన సరైనదేనా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (విశాఖపట్నం నుంచి)

లంబసింగి బదులు అరకు వెళ్ళండి. సైకిళ్ళను పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి కిరండూల్ రైలులో పైకి పంపవచ్చు, శృంగవరపుకోట, అనంతగిరి ఘాట్ ఎక్కే శ్రమ తప్పుతుంది. అయితే బొర్రా గుహల మలుపు నుంచి అరకు ఊరి వరకు కార్లు, టూరిస్టు బస్సులు ఎక్కువే. మీరు కోరుకుంటున్న నిశ్శబ్దం అక్కడి పక్క దారుల్లోనే దొరుకుతుంది, పెద్ద రోడ్డు మీద దొరకదు.

సమాధానం (నర్సీపట్నం నుంచి)

అన్నయ్యగారూ, నేను ఇక్కడే ఉపాధ్యాయురాలిని. తొమ్మిదేళ్ళుగా ఈ దారుల్లో తొక్కుతున్నాను. మీరు ఎంచుకున్న ప్రాంతం చాలా మంచిది. కానీ ఎంచుకున్న రోజూ గంటా మాత్రం ఏడాది మొత్తంలో అన్నిటికంటే రద్దీగా ఉండేవి. దయచేసి మార్చుకోండి.

మైదానంలో మనకు ఉన్న అలవాటు ఏమిటంటే, రోడ్డు ఖాళీగా కావాలంటే చీకటితో బయలుదేరడం. లంబసింగిలో చలికాలంలో ఇది సరిగ్గా తలకిందులవుతుంది. మంచు చూడాలని వచ్చేవారంతా సూర్యోదయానికి పైన ఉండాలి కనుక, అర్ధరాత్రి దాటిన దగ్గర్నుంచి ఆరు గంటల వరకు కార్లు, బైకులు బారులు తీరి ఘాట్ ఎక్కుతాయి. పొగమంచులో ఎదుటి మలుపు కనబడదు, నడిపేవారిలో చాలామందికి ఘాట్ కొత్త, పైగా నిద్ర లేని కళ్ళు. ఆ వేళలో సైకిలుతో వాళ్ళ మధ్య ఉండకూడదు. మళ్ళీ పది, పదకొండు గంటల మధ్య వాళ్ళంతా దిగుతారు. అదే ఘాట్‌ను మంగళవారమో బుధవారమో ఉదయం ఏడున్నర తరువాత ఎక్కి చూడండి, చాలాసేపు మీ చైను చప్పుడు, పక్షుల అరుపులు తప్ప ఏమీ వినపడవు.

నా మాట వింటే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో రండి. మంచు కోసం వచ్చే జనం అప్పటికి తగ్గిపోతారు, పగలు ఎండ ఉన్నా ఉదయాలు చల్లగానే ఉంటాయి. ఆ రోజుల్లో ఒక మంచి వాన పడిందంటే కొద్ది రోజులకే కాఫీ మొక్కలన్నీ ఒకేసారి పూస్తాయి, కొమ్మల పొడవునా తెల్లగా, మల్లెలను తలపించే వాసనతో. రెండు మూడు రోజుల్లో వాడిపోతాయి కాబట్టి తేదీ చూసుకుని రావడం కుదరదు, దొరికితే మీ అదృష్టం. మార్చి మధ్య దాటితే పోడు కొండలకు నిప్పు పెడతారు, పొగకు ఊపిరి ఆడదు. వానాకాలంలో ఘాట్‌లో మట్టి, రాళ్ళు జారుతుంటాయి కనుక జూన్ నుంచి సెప్టెంబరు వరకు వద్దు.

ఇక అసలు విషయం. మీకు కావలసిన నిశ్శబ్దం లంబసింగిలో లేదు, లంబసింగి దాటాక ఉంది. నర్సీపట్నం సముద్రమట్టానికి వంద మీటర్ల లోపే ఉంటుంది, లంబసింగి సుమారు 1000 మీటర్లు. ఈ ఎత్తులో ఎక్కువ భాగం డౌనూరు దాటాక వచ్చే ఘాట్‌లోనే ఎక్కాలి. పైకి చేరాక నేల అలలు అలలుగా సాగుతుంది. ఎక్కడం ఉంటుంది, దిగడం ఉంటుంది, ఊపిరి తీసుకోవడానికి చదును కూడా ఉంటుంది. టూరిస్టుల్లో అత్యధికులు లంబసింగిలోనూ తాజంగి జలాశయం గట్టు దగ్గరా ఆగి వెనక్కి తిరుగుతారు. చింతపల్లి దాకా వచ్చేవారు తక్కువ. చింతపల్లి దాటి ఆర్.వి.నగర్ మీదుగా గూడెం కొత్తవీధి వైపు వెళ్ళేవారు ఇంకా తక్కువ. ఆ దారి రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ. నేను మూడు రోజులూ చింతపల్లిలోనే బస పెట్టుకుని, రోజుకో దిక్కు వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వస్తాను. సామాను మోయనక్కర్లేదు, అలిసిపోతే వెనక్కి తిరగవచ్చు.

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వరకు వేసిన 516-ఇ జాతీయ రహదారిని మాత్రం మీ సైకిల్ దారిగా పెట్టుకోకండి. కొండను తొలిచి వెడల్పు చేసిన చోట్ల చెట్ల నీడ పోయింది, రోడ్డు బాగున్న కొద్దీ బండ్ల వేగం పెరిగింది. అవసరమైనంత మేరకే దాని మీద తొక్కి పక్క దారికి మళ్ళిపోవడం మంచిది.

వారపు సంత సంగతి కూడా మరచిపోవద్దు. సంత రోజున ఆ ఊరికి వచ్చే ప్రతి దారిలో జీపులు, ఆటోలు పైదాకా జనంతో తిరుగుతాయి. బస చేసిన చోట ముందు రాత్రే, రేపు సంత ఏ ఊళ్ళో అని అడిగి, దానికి ఎదురు దిక్కున వెళ్ళండి.

ఆ ఘాట్ గురించి ఒక్క మాట చెప్పాలి. నర్సీపట్నం, లంబసింగి రోడ్డు పనిలో గిరిజనులకు కూలి సరిగా ఇవ్వకుండా గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ పెట్టిన బాధలు 1922 తిరుగుబాటుకు ఒక కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట పట్టుకున్నది చింతపల్లి పోలీసు స్టేషన్‌నే. ఆ మలుపుల్లో ఆయాసపడుతున్నప్పుడు, ఈ దారిని కొట్టిన చేతులు నాకు తప్పకుండా గుర్తుకొస్తాయి. అందుకే దారిలో గిరిజన గ్రామాలు వస్తే వేగం తగ్గించి, పలకరించి వెళ్ళండి. అడగకుండా ఫొటోలు తీయవద్దు.

మళ్ళీ ప్రశ్న (కాకినాడ నుంచి)

చాలా సంతోషం అమ్మా. మార్చి మొదటి వారానికి మార్చుకుంటున్నాం, మంగళవారం నుంచి గురువారం వరకు. రెండు సందేహాలు మిగిలాయి. మా గేర్లు ఘాట్ ఎక్కడానికి చాలుతాయా? మోకాళ్ళు నొప్పి పెడితే వేరే మార్గం ఉందా? అలాగే రిమ్ము బ్రేకులతో దిగడం క్షేమమేనా?

సమాధానం (నర్సీపట్నం నుంచి)

పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రాల్లో (చైన్‌రింగ్‌లు) చిన్నదానికి, వెనక చక్రానికి ఉండే పళ్ళ చక్రాల వరుసలో (క్యాసెట్) పెద్దదానికి పళ్ళు లెక్కపెట్టండి. రెండూ సమానమైతే, అంటే 34కు 34 ఉంటే, పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగి సుమారు 2.1 మీటర్లు ముందుకు వెళ్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. ఆ వయసులో ఆ కొండకు అది సరైన వేగం. వెనక పెద్దది 28 మాత్రమే అయితే, అదే 60 చుట్లకు గంటకు తొమ్మిది కిలోమీటర్లకు పైగా వెళ్ళాలి, లేదా చుట్లు తగ్గించి బరువుగా నొక్కాలి. మోకాలు పాడయ్యేది అక్కడే. బయలుదేరే ముందే క్యాసెట్ మార్పించుకోండి.

అయినా ఘాట్ ఎక్కి తీరాలన్న నియమం ఏమీ లేదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే ఆర్టీసీ పల్లెవెలుగులో, పైన క్యారియర్ ఉన్న బస్సయితే, సైకిళ్ళు కట్టి తీసుకెళ్ళవచ్చు, కండక్టరు లగేజీ టికెట్టు ఇస్తారు. గేరు మార్చే భాగం ఉన్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి, కింద గోనె వేయండి.

దిగడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే. మూడో ఏడాదిలో ఒకసారి లంబసింగి నుంచి దిగుతూ, వేగానికి భయపడి వెనక బ్రేకును విడవకుండా పట్టుకునే వచ్చాను. ఒక మలుపులో కాలిన రబ్బరు వాసన వచ్చింది. అది ఏమిటో ఆలోచించేలోపే తుపాకీ పేలినట్టు ట్యూబు పేలింది. కింద పడలేదు కానీ రోడ్డు అంచు దాకా జారిపోయాను. ఆగాక వేలు తడి చేసి రిమ్ముకు తాకిస్తే చుయ్యిమంది. బ్రేకు ఒరిపిడికి రిమ్ము వేడెక్కితే లోపల గాలి వ్యాకోచించి ఒత్తిడి పెరుగుతుంది, ట్యూబు బలహీనంగా ఉన్నచోట పగులుతుంది. అప్పటినుంచి మలుపుకు ముందు రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేస్తాను. మలుపు మధ్యలో పట్టను. ప్రతి మూడు నాలుగు కిలోమీటర్లకు రెండు నిమిషాలు ఆగుతాను. కొత్త బ్రేకు కట్టలు వేయించుకుని రండి.

ఇంకొకటి. ఊళ్ళ దగ్గర రోడ్డు మీద ధాన్యమో, వలిసెలో, పసుపో ఆరబోసి ఉంటాయి. వాటి మీద బ్రేకు పట్టితే సైకిలు జారుతుంది, పైగా అది వాళ్ళ పంట. దిగి నడిపించుకుంటూ పక్కగా వెళ్ళండి.

సమాధానం (తుని నుంచి)

ఆమె చెప్పినవాటికి కొన్ని చేరుస్తాను. నర్సీపట్నం రోడ్డు అనే రైల్వే స్టేషన్ పేరు చూసి అక్కడ దిగకండి, అది ఊరికి చాలా దూరం. తునిలో దిగితే బస్సులు ఎక్కువ. ఏజెన్సీ చెక్‌పోస్టుల్లో సంచులు విప్పి చూస్తారు కనుక ఆధార్ కార్డు పైజేబులో ఉంచుకోండి. చీకటి పడేలోపు బసకు చేరండి, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి సాయంత్రం నిండు చేతుల చొక్కా, రాత్రి దోమతెర తప్పనిసరి.

ప్రశ్న (కాకినాడ నుంచి)

పంక్చరు పడితే చింతపల్లిలో బాగుచేసేవారు ఉన్నారా?

సమాధానం (నర్సీపట్నం నుంచి)

ఉన్నారు, కానీ వాళ్ళు చేసేది మోటారుసైకిళ్ళకు. మీ ట్యూబులకు సన్న వాల్వు ఉంటే వాళ్ళ గాలి గొట్టం పట్టదు. దానికి బిగించే ఇత్తడి అడాప్టరు, గోరంత ఉంటుంది, కాకినాడలోనే సైకిల్ షాపులో చెరొకటి కొనుక్కుని వాల్వుకు బిగించేసి ఉంచండి, సంచిలో వేస్తే వెతికినప్పుడు దొరకదు. చెరి రెండు ట్యూబులు, టైరు విప్పే ప్లాస్టిక్ మీటలు, చేతిపంపు తెచ్చుకోండి. గూడెం కొత్తవీధి దారిలో పంక్చరు పడితే మీరే వేసుకోవాలి. కనుక బయలుదేరే ముందు ఇంటి దగ్గర వెనక చక్రం విప్పి బిగించడం ఇద్దరూ ఒకసారి చేసి చూడండి.