పాత కాలం స్టైల్‌ల మెల్లగ భయపెట్టే సినిమాలు చెప్పుండ్రి

మాది నల్లగొండ. చిన్నప్పుడు మా మామ వాళ్లింట్ల వీసీఆర్ కిరాయికి తెచ్చి రాత్రంత దయ్యం సినిమాలు చూస్తుంటిమి, ఆ క్యాసెట్ గీతలు, ఆ మసక రంగులు ఇప్పటికీ యాదికొస్తయి. ఇప్పటోళ్లు తీసినా గట్లనే అనిపించేవి, ఊకె సౌండ్ పెట్టి ఉలిక్కిపడేటట్టు చేయనివి ఉన్నయా?

జవాబు 1
అన్నా, 2009ల టీ వెస్ట్ తీసిన ద హౌస్ ఆఫ్ ద డెవిల్ చూడు. కథ 80లల్ల జరుగుతది, తీసింది గూడ 16 ఎమ్ఎమ్ ఫిల్మ్ మీద, అందుకే ఆ గరుకుదనం నిజంగనే ఉంటది, కంప్యూటర్ల అతికిచ్చింది కాదు. ఒక కాలేజీ పిల్ల పైసల కోసం రాత్రి ఒక ఇంటికి కావలి ఉండనీకి పోతది, చెవులకు వాక్‌మన్ పెట్టుకొని ఇల్లంత తిరుక్కుంట డాన్స్ చేస్తది, అంతే, ఏం కాదు, కానీ మనకు గుండె దడదడ. నాకైతే ఆ సీనే సినిమా.

జవాబు 2
భ్రమయుగం చూసినవా తమ్మీ? 2024ది, మమ్ముట్టి. మొత్తం బ్లాక్ అండ్ వైటే. వాన, పాడుబడ్డ ఇల్లు, దీపం వెలుతురు... మా పాలమూరుల కరెంటు పోయిన రాత్రి చూసిన, సగంల ఆపి తలుపు గొళ్లెం పెట్టిన్నా లేదా అని చూసొచ్చిన.

ప్రశ్న అడిగినాయన
రెండూ చూస్త అన్నా, ఈ ఆదివారం మామను గూడ కూసోబెడ్త.