వాషింగ్టన్ స్క్వేర్‌లో పాటలకు, గుంపులకు ఇంకా కఠినమైన నియమాలు కావాలా?

ఎడిసన్ వాసి:
హైదరాబాదు నుంచి వస్తున్న మా అమ్మానాన్నలను న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌కు, ముఖ్యంగా అక్కడి వాషింగ్టన్ స్క్వేర్ పార్కుకు తీసుకెళ్లాలనుకుంటున్నాను. ఆ మాట చెప్పగానే మిత్రులు రెండు పక్షాలయ్యారు. కళాకారుల పేటగా పేరుపడ్డ విలేజ్‌కు ఆ స్క్వేరే ప్రాణమని, కాసేపు అక్కడ కూర్చుని సంగీతం వినాల్సిందేనని కొందరన్నారు. స్పీకర్ల హోరు, గంజాయి వాసన తప్ప అక్కడ ఏమీ మిగల్లేదని, నగరం వాళ్లు రాత్రి వేళలు కుదించి వాయిద్యాలను అదుపు చేసేదాకా పెద్దవాళ్లతో వెళ్లదగిన చోటు కాదని మిగతావాళ్లు అన్నారు. వెళ్లాలా వద్దా అనేది మేం తేల్చుకుంటాం. నియమాలు బిగించాలన్న మాట సబబేనా అన్నది మాత్రం అందరూ ఆలోచించదగిన ప్రశ్న అనిపించి ఇక్కడ పెడుతున్నాను.

బ్లీకర్ వీధి సభ్యురాలు:
బిగించాలనే నా అభిప్రాయం. ఆ స్క్వేర్‌కు రెండు వీధుల దూరంలో ఉంటూ, వేసవి రాత్రుల్లో కిటికీ తెరవలేక, చంటిపిల్లను నిద్రపుచ్చలేక ఇబ్బంది పడుతున్న మనిషిగా చెబుతున్నాను. పది ఎకరాలైనా లేని ఆ స్థలంలోనే పిల్లల ఆటస్థలాలు, చదరంగం బల్లలు, కుక్కలను వదిలే ఆవరణ, పెద్ద ఫౌంటెన్ అన్నీ ఇమడాలి. అనుమతి లేకుండా స్పీకర్లు పెట్టకూడదన్న నిబంధన ఉంది, పార్కుల్లో పొగతాగడంపై 2011 నుంచి నిషేధం ఉంది. రెండూ కాగితం మీదే ఉన్నాయి. స్క్వేర్ అందరిదీ అంటున్నప్పుడు, దాని చుట్టూ ఉన్న కిటికీల వెనక నిద్రపోవలసిన మనుషులు కూడా ఆ అందరిలో లెక్కే కదా? అర్ధరాత్రి దాకా కాకుండా పది గంటలకే మూసివేస్తే చూడడానికి వచ్చేవాళ్లకు పోయేది ఏమీ లేదు.

జెర్సీ సిటీ సభ్యుడు:
బ్లీకర్ వీధి సభ్యురాలు గారి బాధ నిజమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ ఆమె చెప్పిన పరిష్కారంతో ఏకీభవించలేను. ఆ స్థలాన్ని జనం ఎలా వాడుకోవాలో అధికారులు పైనుంచి నిర్ణయించబోతే ఏం జరుగుతుందో ఆ స్క్వేర్ చరిత్రలోనే ఉంది.

1950ల దాకా వాహనాలు స్క్వేర్ మధ్యలోంచే వెళ్లేవి. నగర పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ అంతటితో ఆగకుండా ఉత్తరం నుంచి వచ్చే ఫిఫ్త్ అవెన్యూ అనే పెద్ద వీధిని ఇంకా వెడల్పు చేసి స్క్వేర్ గుండా దక్షిణానికి పొడిగించాలని పథకం వేశాడు. అప్పట్లో ఆయన మాటకు ఎదురు చెప్పగలిగినవాళ్లు న్యూయార్క్‌లో చాలా తక్కువ. అక్కడే పిల్లలను ఆడించుకునే షెర్లీ హేస్ అనే తల్లి, 1952లో ఇరుగుపొరుగును కూడగట్టి, రోడ్డు ఎంత వెడల్పు ఉండాలన్న బేరంలోకి దిగకుండా, అసలు వాహనాలే వద్దని పట్టుబట్టింది. తర్వాత నగరాల గురించి రాసే రచయిత్రి జేన్ జేకబ్స్, మాజీ అధ్యక్షుడి భార్య ఎలినోర్ రూజ్‌వెల్ట్ లాంటివాళ్లు తోడయ్యారు. 1958 నవంబరు 1న ప్రయోగాత్మకంగా వాహనాలను ఆపేశారు, మరుసటి ఏడు అదే శాశ్వతమైంది. ఇవాళ మీ అమ్మానాన్నలు స్క్వేర్‌లోని పెద్ద రాతి ఆర్చ్ కింద నిశ్చింతగా నడవగలిగితే అది ఆ ఇరుగుపొరుగు చలవే.

ఇక పాటల సంగతి. 1940ల నుంచి ఆదివారాల్లో ఫౌంటెన్ చుట్టూ గిటార్లు, బాంజోలతో జానపద గాయకులు చేరేవారు. 1961 వసంతంలో అప్పటి కమిషనర్ న్యూబోల్డ్ మోరిస్ అనుమతి నిరాకరించాడు. చుట్టుపక్కలవాళ్ల ఫిర్యాదులే అందుకు కారణంగా చూపారు. ఆ ఫిర్యాదుల వెనక, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకచోట కూర్చోవడం నచ్చనితనం కూడా ఉందని పాడేవాళ్లలో పలువురు నమ్మారు. పక్కనే మెక్‌డూగల్ వీధిలో జానపద సంగీత కేంద్రం నడిపే ఇజ్జీ యంగ్ ముందు నడవగా, ఏప్రిల్ 9న వందలమంది అక్కడికి వచ్చి పాడారు. పోలీసులు నెట్టారు, కొట్టారు, కొందరిని అరెస్టు చేశారు. కొన్ని వారాల్లోనే ఆదివారపు పాటలకు మళ్లీ అనుమతి ఇవ్వక తప్పలేదు. ఈ కారణంగానే ‘ఫిర్యాదులు వస్తున్నాయి కాబట్టి మూసేద్దాం’ అనే వాదన ఎప్పుడు వినబడినా నాకు అనుమానం కలుగుతుంది.

2021 వేసవిలో వారాంతాల్లో పది గంటలకే మూసివేత పెట్టి చూశారు. జనాన్ని పంపేయడానికి పోలీసులు బలప్రయోగానికి దిగడం, ఘర్షణలు, అరెస్టులు జరిగాయి. ఆ రాత్రుల్లో చుట్టుపక్కలవాళ్లకు ప్రశాంతత దొరికిందని నేననుకోను.

ఎన్‌వైయూ (న్యూయార్క్ యూనివర్సిటీ) విద్యార్థి:
చరిత్ర బాగుంది. కానీ ఆ గాయకులు, చిత్రకారులు బతికిన విలేజ్ ఇప్పుడెక్కడుంది సార్? చుట్టూ చాలావరకు మా యూనివర్సిటీ భవనాలే. మామూలు కళాకారుడు ఇక్కడ అద్దె కట్టలేడు. సబ్‌వే ఎక్కి వచ్చి, టిప్పులు ఏరుకుని వెళ్లిపోయేవాళ్ల కోసం నిద్ర లేకుండా ఉండమని ఇక్కడివాళ్లను అడగడం న్యాయమా?

జెర్సీ సిటీ సభ్యుడు:
తమ్ముడూ, అద్దె కట్టలేక వెళ్లిపోయినవాళ్లు తిరిగి రాగలిగిన చోటు ఆ స్క్వేర్ ఒక్కటే కాబట్టి న్యాయమే అంటాను. గ్రాండ్ పియానో తోసుకొచ్చి వాయించేవాళ్లు, నైరుతి మూల డబ్బు పందెం మీద చదరంగం ఆడేవాళ్లు, దక్షిణం వైపు దోసెల బండి, వీటిలో ఏదీ ఆ వీధుల్లో అద్దె కట్టి నిలవగలిగింది కాదు. పైగా ఆ నేల ఎన్నడూ స్థితిమంతులది మాత్రమే కాదు. 1640లలో అప్పటి పాలకులైన డచ్చివాళ్లు, బానిసత్వం నుంచి సగం స్వేచ్ఛ మాత్రమే ఇచ్చిన ఆఫ్రికన్లకు ఆ ప్రాంతంలో పొలాలు ఇచ్చారు. 1797 నుంచి 1825 దాకా అది అనాథల, నిరుపేదల శ్మశానం. సుమారు 20,000 మంది అక్కడ ఖననమయ్యారని అంచనా. ఈ శతాబ్దంలో మరమ్మతుల తవ్వకాల్లో బయటపడ్డ ఎముకలను 2021లో అక్కడే తిరిగి పూడ్చారు.

మార్పు ఏదైనా చెడ్డదేనని నా వాదన కాదు. ఆర్చ్‌లోంచి సూటిగా కనబడాలని ఫౌంటెన్‌ను 22 అడుగులు జరిపినప్పుడు కోర్టు దాకా వెళ్లి ఎదిరించినవాళ్లున్నారు. స్క్వేర్ సహజత్వం పోతుందన్న వాళ్ల భయం నిజం కాలేదు, ఇప్పటికీ జనం ఆ గట్టు మీదే కూర్చుంటున్నారు.

బ్లీకర్ వీధి సభ్యురాలు గారూ, స్పీకర్ల విషయంలో నేను పూర్తిగా మీ పక్షం. గొంతుకూ, చేతిలోని వాయిద్యానికీ విద్యుత్తు అక్కర్లేదు, 1961లో పాడినవాళ్ల దగ్గర స్పీకర్లు లేవు. ఉన్న ఆ నిబంధననే వారం పొడవునా అమలు చేయమని పార్కుల శాఖను అడుగుదాం, వినతిపత్రం మీద నేనూ సంతకం పెడతాను. మూసివేత వేళ మాత్రం ఇప్పుడున్నట్టే అర్ధరాత్రికే ఉండాలి.

ఎడిసన్ వాసి గారూ, ఆదివారం మధ్యాహ్నం తీసుకెళ్లండి. న్యూజెర్సీ నుంచి వచ్చే పాత్ (PATH) రైలు తొమ్మిదో వీధి స్టేషన్ నుంచి కొద్ది నడక. హోరు ఎక్కువైతే ఫౌంటెన్‌కు దూరంగా చెట్ల కింద బెంచీలున్నాయి. తూర్పున ఒక్క వీధి అవతల, 1911 మార్చి 25న 146 మంది కార్మికులు మంటల్లో ప్రాణాలు కోల్పోయిన ట్రయాంగిల్ కుట్టు కర్మాగారం భవనం ఉంది. వాళ్లలో ఎక్కువమంది వలస వచ్చిన యూదు, ఇటాలియన్ ఆడపిల్లలు. దాన్ని కూడా చూపించండి.