పల్లపు వీధి ఇంటికి బీమానా, గచ్చు లేపడమా?

పల్లపువీధి:
మాది ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్. వంశధార గట్టుకి కాస్త లోపల, పల్లంలో 800 చదరపు అడుగుల శ్లాబు ఇల్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానప్పుడు మోకాలు లోతు నీళ్ళొచ్చాయి. ఫ్రిజ్, దివాన్, పిల్లల పుస్తకాలు పోయాయి, ఇల్లు నిలబడింది. ఇప్పుడు చేతిలో కొంచెం డబ్బుంది. గదుల్లో రెండడుగులు గ్రావెల్ పోసి గచ్చు లేపించమని మావయ్య పట్టు. గచ్చు లేపాక ఇంకా బీమా ఎందుకు, కంపెనీని మేపడానికా అంటారు. మా ఆవిడ బీమా కట్టేద్దామంటోంది. ఏజెంటు చెప్పిన ప్రీమియం ఏడాదికి గ్యాస్ బండ ఖరీదుకి అటూ ఇటూ. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

ఏటిగట్టు:
మీ మావయ్య మాటే రైటు. మాకు తిత్లీనాటికే పాలసీ ఉంది. నీళ్ళు తీశాక మా అమ్మ ఊరుకుంటుందా? రెండు రోజులు ఒండ్రు పారతో ఎత్తిపోసి, ఇల్లంతా కడిగి, గుమ్మంలో ముగ్గు కూడా వేసేసింది. బీమా కంపెనీ సర్వేయరు తొమ్మిదో రోజున వచ్చి ఆ ముగ్గు చూసి, "వరద ఎక్కడొచ్చిందండీ?" అన్నాడు. తడిసిన పరుపులు అప్పటికే పారేశాం. తిరగ్గా తిరగ్గా మేం అడిగిన దాంట్లో మూడోవంతు ఇచ్చారు. దీనికంటే ప్రభుత్వం ఇచ్చేది నయం, ప్రీమియం కట్టక్కర్లేదు.

గుణుపురం మాష్టారు:
బాబూ ఏటిగట్టూ, ప్రభుత్వం ఎంతిస్తుందో ఎప్పుడైనా లెక్క చూశావా? విపత్తు నిధి 2022–26 నిబంధనల్లో మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500. అదీ కనీసం 15 శాతం పాడైందని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు రాస్తేనే. బట్టలకు, గిన్నెలకు చెరో 2,500, వాటికీ షరతులున్నాయి. పల్లపువీధి గారి ఇల్లు నిలబడింది కనక ఆయన ఫ్రిజ్‌ని ఈ లెక్కలో ఎవరూ అడగరు. అది సాయం, నష్టపరిహారం కాదు.

వరద మళ్ళీ వస్తుందా అన్నది అసలు ప్రశ్న. 1980 సెప్టెంబరులో వంశధార మా గుణుపురాన్ని ఏం చేసిందో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. "అది వందేళ్ళకోసారి వచ్చే వరద, ఇక 2080 దాకా రాదు" అని టీ కొట్టు దగ్గర వాదించేవాళ్ళూ ఉన్నారు. వందేళ్ళ వరద అంటే ఏ ఏడాదికాయేడు నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద. నిరుడు వచ్చినా ఈ ఏడూ అదే ఒక వంతు. ముప్పై ఏళ్ళు అదే ఇంట్లో ఉంటే ఒక్కసారైనా చూసే అవకాశం దాదాపు 26 శాతం. మోకాలు లోతుది ఇంకా తరచుగా వస్తుంది.

ఒక్కటి చెప్పండి. ఆ రాత్రి నీళ్ళు ముందు ఎటునుంచి వచ్చాయి? వీధి గుమ్మంలోంచా?

పల్లపువీధి:
లేదు మాష్టారూ. మీరడిగాక మా ఆవిడ గుర్తుచేసింది. వీధిలో ఇంకా చీలమండ లోతే ఉంది, అప్పటికే మరుగుదొడ్డి పాన్‌లోంచి, స్నానాల గది తూములోంచి నల్లటి నీళ్ళు బుడబుడమని పైకొచ్చాయి. గుమ్మానికి గోనె సంచులు అడ్డం పెట్టి, వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు నిండిపోతోంది.

రాయగడ కోడలు:
నా ఓటు మీ ఆవిడకే అన్నగారూ. మాకు కొండనీళ్ళు. గెడ్డ పొంగితే నాలుగైదు గంటల్లో వచ్చి పోతుంది. 2017 జూలైలో తేరుబలి వైపు రైలు వంతెనే కొట్టుకుపోయింది. ఒడిశా వరద ముప్పు మ్యాపులో మా వీధి లేదని బిల్డరు చెప్తే నమ్మి కొన్నాం. ఆ మ్యాపులు శాటిలైట్ బొమ్మలతో తయారవుతాయి. శాటిలైట్ మన మీదుగా వెళ్ళేలోపే నీళ్ళు దిగిపోతే ఆ వరద బొమ్మలో పడదు. ఇది తర్వాత తెలిసింది.

కొనేముందు ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో మీ ప్లాటు కిసం, అంటే భూమి రకం, ఒక్కటే చూసి ఊరుకోకండి. మాది నికార్సయిన ఘరబారి, అంటే ఇంటి స్థలం. పక్క ప్లాటు నయంజోరి, అంటే వాననీళ్ళు పోయే కాలువ. ఇప్పుడు దాని మీద మూడు షాపులున్నాయి, నీళ్ళు మా పెరట్లోంచి పోతున్నాయి.

బరంపురం పాత ఏజెంటు:
ఏజెన్సీ వదిలేసి చాలా కాలమైంది, ఏదో అమ్ముతున్నానని అనుకోకండి. ఏటిగట్టు తమ్ముడూ, మీ ఇల్లు ఎంతకి బీమా చేశారు?

ఏటిగట్టు:
4 లక్షలకి. తక్కువ రాయిస్తే ప్రీమియం తగ్గుతుందని నాన్నే అలా రాయించారు. కట్టాలంటే అప్పటికే 12 లక్షలయ్యేది.

బరంపురం పాత ఏజెంటు:
మూడోవంతు ఎందుకొచ్చిందో మీరే చెప్పేశారు. విలువ మూడోవంతే రాయిస్తే నష్టంలోనూ మూడోవంతే ఇవ్వడం పాత ఫైర్ పాలసీల షరతు. అమ్మగారి ముగ్గు తప్పేం లేదు, అయితే కడిగే ముందు గోడ మీద నీటి చార, పాడైన ప్రతి సామానూ ఫోటో తీసి, కంపెనీకి వెంటనే ఫోన్ చేసి ఉండాల్సింది.

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఇళ్ళకి 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీ ఇవ్వాలి. అందులో తుఫాను, వరద, కొండచరియ విరగడం అన్నీ ఉంటాయి. ఇంటి కొలతలు నిజం రాయిస్తే మీకు జరిగినట్టు తగ్గించి ఇవ్వడం ఉండదు. స్థలం విలువ లెక్కలోకి రాదు, మళ్ళీ కట్టడానికయ్యే ఖర్చే. పల్లపువీధి గారికి అడుగుకి 1,800 అనుకుంటే 14,40,000. ఇంటి సామాన్లకు దాంట్లో 20 శాతం, అంటే 2,88,000, విడిగా అడక్కుండానే వస్తుంది. ఫ్రిజ్, దివాన్ ఇందులోకే. నగలకి విడిగా తీసుకోవాలి. లోను ఉంటే బ్యాంకు అప్పుడే ఏదో పాలసీ చేయించి ఉండొచ్చు, ఫైలు తీసి చూడండి.

ఇందులో రానివీ చెప్తాను. ఏటి కోతకి ఇల్లు జారిపోతే వర్తించదు. మట్టి నింపి ఎత్తు చేసిన నేల తర్వాత కుంగి గోడ పగిలినా వర్తించదు. రెండోది మీ మావయ్యగారికి వినిపించండి. గ్రావెల్ పోసి సరిగ్గా దిమ్మిస కొట్టకపోతే ఆ ఖర్చు మీదే.

ఏటిగట్టు:
అంటే గట్టు మీద ఉన్న మాకు అసలు భయం కోత గురించే, దానికే బీమా లేదు! ఇంకెందుకండీ ఈ పాలసీ? మీకు పనికొస్తుందేమో, మాకు కాదు.

బరంపురం పాత ఏజెంటు:
ఆ మాట ఒప్పుకుంటాను. మీరు కట్టాల్సింది ప్రీమియం కాదు, వెనక వీధిలో ఇంకో ఇల్లు.

గుణుపురం మాష్టారు:
పల్లపువీధి గారూ, గచ్చు లేపితే తూము కూడా లేస్తుంది కనక కొంత లాభమే, కాదనను. కానీ ముందు మరుగుదొడ్డి గొట్టానికీ స్నానాల గది తూముకీ నాన్ రిటర్న్ వాల్వ్ వేయించండి. నీళ్ళు బయటికి పోతాయి, వెనక్కి రావు. గచ్చు ఖర్చు ముందు అదెంత? అయితే వీధి నీళ్ళు గుమ్మం దాటితే వాల్వ్ ఏమీ చేయలేదు, దానికే బీమా.

ఇంకోటి. కాశీనగర్ దగ్గర వంశధార ప్రమాద మట్టం 54.60 మీటర్లు. కేంద్ర జల సంఘం వాళ్ళు వరద రోజుల్లో మట్టాలు ఇంటర్నెట్‌లో పెడతారు. ఎంత మట్టానికి మీ వీధి కాలువ ఎదురు తంతోందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. గుణుపురం మీకు ఎగువన ఉంది, ఇక్కడ పెరిగిన కొన్ని గంటలకి మీకు పెరుగుతుంది. ఆ కాసేపట్లో ఫ్రిజ్ బల్ల మీదకి ఎక్కించొచ్చు.

పల్లపువీధి:
ఈ సాయంత్రం టేపు పట్టుకుని కొలిచాం. బీరువా వెనక సున్నం కింద తిత్లీ చార ఇంకా కనిపిస్తోంది, గచ్చు నుంచి 19 అంగుళాలు. మా గుమ్మాలు ఆరడుగుల నాలుగంగుళాలు. రెండడుగులు లేపితే మిగిలేది నాలుగడుగుల నాలుగంగుళాలు. మావయ్య ఐదడుగుల తొమ్మిది. గుమ్మం కింద నించోమని చూపించాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ద్వారబంధాలు కూడా మార్పించెయ్" అన్నారు. వాల్వ్‌కి రేపు ప్లంబర్‌ని రమ్మన్నాను. పాలసీ ఫారం మా ఆవిడ నింపుతోంది, అడుగుకి 1,800 చాలా, 2,000 రాయాలా అని అడుగుతోంది. ఈమధ్య అటువైపు ఇల్లు కట్టించినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.