వీసా రాకపోతే 185 డాలర్లు వెనక్కి ఇవ్వాలా, వద్దా?

కృష్ణాతీరం: అమెరికా విద్యార్థి వీసా (ఎఫ్-1) ఇంటర్వ్యూ కాన్సులేట్ కిటికీ దగ్గర రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. 214(బి) కాగితం, అంటే చదువయ్యాక తిరిగి వస్తారని నమ్మకం కలగలేదనే తిరస్కరణ, చేతిలో పెడితే దరఖాస్తు ఫీజుగా కట్టిన 185 డాలర్లు పోయినట్టే, మళ్లీ వెళ్లాలంటే మళ్లీ 185. 2023 జూన్ మధ్య వరకు ఇది 160 ఉండేది. కొంతైనా వెనక్కి ఇవ్వడం న్యాయం. బ్రిటన్‌లో వీసా ఇవ్వకపోతే విద్యార్థి కట్టిన ఆరోగ్య సర్‌చార్జి, ఏడాదికి 776 పౌండ్లు, తిరిగి ఇచ్చేస్తారు కదా?

ఫైలుమోత: సగమే చెప్పారండి. బ్రిటన్ కూడా వీసా ఫీజు మాత్రం ఇవ్వదు. వేలిముద్రలు ఇవ్వకముందే దరఖాస్తు వెనక్కి తీసుకుంటే అది వేరు. సర్‌చార్జి ఇవ్వడానికి కారణం, వాడుకోని వైద్యానికి కట్టిన డబ్బు అది. అమెరికా తీసుకునే 185 పరిశీలనకు. మీకు కనబడేది ఆ రెండు నిమిషాలే, కానీ వేలిముద్రలు, పేరు సరిచూడటం, ఇవన్నీ వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ ఒకేలా చేస్తారు. రానివాళ్లకు తిరిగి ఇస్తే ఆ ఖర్చు వచ్చినవాళ్ల నెత్తిన పడుతుంది. యూరప్ దేశాల ఉమ్మడి వీసా షెంగెన్‌కు కట్టే 90 యూరోలదీ ఇదే పద్ధతి.

రశీదు_భద్రం: వాదన సాగనీయండి గానీ, పోనక్కర్లేని డబ్బు చాలామందికి పోతోంది, అది ముందు ఆపుకోవాలి. డాలర్ల మొత్తాన్ని రూపాయల్లోకి మార్చేది కాన్సులేట్ ప్రకటించిన రేటుతో, ఆ రోజు బ్యాంకు రేటుతో కాదు. కాబట్టి పాత స్లిప్పు చూసి కట్టకండి, పోర్టల్ ఇప్పుడు చూపిస్తున్న మొత్తం పైసలతో సహా పంపండి. ఎన్‌ఈఎఫ్‌టీ చేస్తే ఖాతా నంబరు ఒకటికి రెండుసార్లు సరిచూడండి. పసిపిల్లకైనా విడిగా ఫీజు ఉంటుంది, ఒకరి ఫీజు ఇంకొకరి పేరుకు మారదు. కట్టాక 365 రోజుల్లోపు అపాయింట్‌మెంట్ బుక్ చేయకపోతే చెల్లదు.

221(జి) కాగితం, అంటే ఇంకా పత్రాలు కావాలని దరఖాస్తును ఆపి ఉంచేది, వస్తే కంగారుపడి కొత్త ఫీజు కట్టేయకండి. అడిగిన పత్రాలు ఏడాదిలోపు ఇస్తే అదే దరఖాస్తు నడుస్తుంది. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు కూడా అంతే: తిరస్కరించాక 12 నెలల్లోపు అదే కేటగిరీలో మళ్లీ వెళ్తే మళ్లీ కట్టనక్కర్లేదు. యూనివర్సిటీ మారి కొత్త ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం) వస్తే మాత్రం ఊరుకుంటే కుదరదు, కట్టిన ఫీజును కొత్త సెవిస్ నంబరుకు మార్చమని అడగాలి. తెలియక రెండోసారి కట్టేది ఇక్కడే.

కృష్ణాతీరం: ఫైలుమోత గారూ, పరిశీలనకు ఖర్చవుతుందని ఒప్పుకుంటాను. కానీ 214(బి)కి అప్పీలు లేదు, ఉన్న దారి ఒక్కటే, మళ్లీ పూర్తి ఫీజుతో దరఖాస్తు. నెల తిరక్కుండా అదే మనిషి వస్తే వేలిముద్రలు రికార్డులోనే ఉంటాయి. ఆ రెండోసారికి సగం తీసుకోవచ్చు. 2025లో చేసిన చట్టంలో 250 డాలర్ల వీసా ఇంటిగ్రిటీ ఫీజు పెట్టారు, అది వీసా జారీ అయినవాళ్లకే. అంటే వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ వేరుగా చూడటం వాళ్లకు తెలుసు.

ఫైలుమోత: వెనక్కి ఇవ్వమనడం కంటే ఈ మాట బలంగా ఉంది. కానీ ఒక చిక్కు: రెండోసారి అధికారి మొత్తం కొత్తగా చూడాలనేగా మీరు కోరుకునేది? సగం ఫీజంటే సగం పరిశీలన అని వాళ్లు అనుకుంటే నష్టపోయేది పిల్లలే. పూర్తి పరిశీలన చేయాలని రాసి తగ్గిస్తే నాకు అభ్యంతరం లేదు.