డెల్టా హెచ్ రుణాత్మకమైతే డెల్టా ఎస్ కూడా రుణాత్మకమేనా?

ప్రశ్న: నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి 2 మోల్‌ల అమ్మోనియా ఏర్పడే చర్యకి డెల్టా హెచ్ (ఎంథాల్పీ మార్పు, అంటే చర్య తీసుకునే వేడి; వేడి బయటికి వస్తే రుణాత్మకం) −92.2, డెల్టా ఎస్ (ఎంట్రోపీ మార్పు; ఎంట్రోపీ అంటే కణాలు, శక్తి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) −198.7. సున్నపురాయి విఘటనలో (సున్నం, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోవడంలో) రెండూ ధనాత్మకం. అంటే ఒకదాని గుర్తు తెలిస్తే రెండోది చెప్పేయొచ్చా? పైగా 298 కెల్విన్ దగ్గర అమ్మోనియాకి డెల్టా జి (డెల్టా హెచ్ − ఉష్ణోగ్రత × డెల్టా ఎస్; ఇది రుణాత్మకమైతే చర్య దానంతటదే సాగగలదు) +59,120 వస్తోంది. ఎక్కడ తప్పుతోంది?

జవాబు 1: యూనిట్లండీ. పట్టికల్లో ఎంథాల్పీ కిలోజౌళ్లలో ఉంటుంది, ఎంట్రోపీ జౌళ్లలో. −198.7ని ముందు −0.1987 చేయండి. 298 × 0.1987 = 59.2, −92.2 + 59.2 = −33.0 కిలోజౌళ్లు. ఇంకో పొరపాటు: మూలకాల సంశ్లేషణ ఎంథాల్పీ సున్నా కదా అని ప్రమాణ ఎంట్రోపీకీ సున్నా వేసేస్తారు. హైడ్రోజన్ వాయువుకి అది 130.7.

జవాబు 2: గుర్తుల మధ్య అలాంటి నియమమేమీ లేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ నీరు, ఆక్సిజన్‌గా విడిపోతే వేడీ వస్తుంది, ఎంట్రోపీ కూడా పెరుగుతుంది. డెల్టా ఎస్ గుర్తు కావాలంటే వాయువుల మోల్‌లు లెక్కపెట్టండి. అమ్మోనియాలో 4 కాస్తా 2 అయ్యాయి, అందుకే తగ్గింది.

అసలు ముడి పరిసరాల దగ్గరుంది. చర్య వదిలిన వేడి అక్కడి ఎంట్రోపీని పెంచుతుంది: 92,200 ÷ 298 = 309.4. అందులోంచి 198.7 తీసేస్తే మొత్తం +110.7 జౌళ్లు. దీన్ని −298తో గుణించి చూడండి, పైన వచ్చిన −33.0 కిలోజౌళ్లే వస్తుంది. డెల్టా జి అంటే వేషం మార్చిన మొత్తం ఎంట్రోపీయే.

జవాబు 3: రెండు గుర్తులూ ఒకటే అయితే తీర్పు ఉష్ణోగ్రతది. డెల్టా హెచ్‌ని డెల్టా ఎస్‌తో భాగిస్తే డెల్టా జి సున్నా అయ్యే ఉష్ణోగ్రత వస్తుంది: సున్నపురాయికి 178.3 ÷ 0.1605 = 1111 కెల్విన్, అంటే 838 డిగ్రీల సెల్సియస్.

ప్రశ్న అడిగినవారు: 838కి తక్కువైతే అసలు విడిపోదా?

జవాబు 3: విడిపోతుంది. ఆ లెక్క కార్బన్ డయాక్సైడ్ పీడనం 1 బార్ అనుకుని చేసింది. వాయువుని ఎప్పటికప్పుడు లాగేస్తుంటే తక్కువ వేడిలోనూ చర్య సాగుతుంది, మూసిన పాత్రలో అయితే కొద్దిగా విడిపోయి సమతాస్థితిలో ఆగుతుంది. అన్నట్టు, 838 కూడా అంచనాయే. 298 దగ్గరి విలువలే పైదాకా మారవనుకున్నాం. నిజంగా పీడనం 1 బార్‌కి చేరేది 890 డిగ్రీల దగ్గర్లో.